బ్రిటిష్ టెరిటరీల్లో ఉంటున్న తెలుగువాళ్లు ఏ పౌరసత్వ హోదా ఎంచుకోవాలి?

ఏ బ్రిటిష్ పాస్‌పోర్టయినా తెరిచి ఫొటో ఉన్న పేజీ అడుగు చూడండి. యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. రెండో వరుసలో పాస్‌పోర్టు నంబరు, దాని వెనకున్న ఒక అంకె దాటగానే మూడు అక్షరాలు వస్తాయి. జీబీఆర్ అని ఉంటే ఆ మనిషి బ్రిటిష్ సిటిజన్. జీబీడీ అంటే బ్రిటిష్ ఓవర్సీస్ టెరిటరీస్ సిటిజన్, పొట్టిగా బీఓటీసీ. జీబీఎన్ హాంకాంగ్ వాళ్లకిచ్చిన బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్. జీబీఓ బ్రిటిష్ ఓవర్సీస్ సిటిజన్. జీబీపీ బ్రిటిష్ ప్రొటెక్టెడ్ పర్సన్, జీబీఎస్ బ్రిటిష్ సబ్జెక్ట్. ఆరు పేర్లలోనూ బ్రిటిష్ అనే మాట ఉంది. బ్రిటన్‌లో దిగి ఎవరి అనుమతీ లేకుండా ఉండిపోయే హక్కు హోదాతో పాటే వచ్చేది మాత్రం మొదటిదానికే.

బెర్ముడా, కేమన్, టర్క్స్ అండ్ కైకోస్, బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్, జిబ్రాల్టర్ లాంటి బ్రిటిష్ టెరిటరీల్లో, అంటే బ్రిటన్ బయట దాని అధీనంలో ఉన్న చోట్ల, వర్క్ పర్మిట్ మీద ఉంటూ, అక్కడే స్థిరపడదామా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. హాంకాంగ్‌లోనో మలేషియాలోనో ఉన్న బంధువుల దగ్గర పాత బ్రిటిష్ కాగితాలుంటే వాటి సంగతి కూడా చివర్లో ఉంది.

## ముందు ఏం చూసుకోవాలి

మొదట నివాస హక్కు. దీన్ని మూడు చోట్లకు విడివిడిగా చూడాలి: బ్రిటన్‌లో, మీరున్న టెరిటరీలో, ఇండియాలో. ఒకచోట దొరికింది కాబట్టి ఇంకోచోట కూడా ఉంటుందనుకోవడమే ఎక్కువమంది దెబ్బతినే చోటు.

రెండోది పిల్లలు. ఇప్పటికే పుట్టినవాళ్లు, ఇకముందు పుట్టేవాళ్లు వేరువేరు లెక్క. పుట్టిన రోజున తల్లిదండ్రుల హోదా ఏమిటన్నదే చట్టం చూస్తుంది. తర్వాత మారిన హోదా వెనక్కి వర్తించదు.

మూడోది ఏం పోతుందో. మనకు ఇది అన్నిటికంటే బరువైనది. భారత పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9 ప్రకారం, కోరి మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. మరో దేశం పాస్‌పోర్టు పొందడమే దానికి తిరుగులేని రుజువని నిబంధనలు చెబుతాయి.

నాలుగోది, అడిగేది మీ హక్కా లేక అధికారి విచక్షణా. షరతులు నెరవేరితే ఇచ్చి తీరాల్సిన రిజిస్ట్రేషన్లు కొన్ని. అన్నీ సరిగ్గా ఉన్నా గవర్నరో హోం సెక్రటరీయో కాదనగలిగేవి మరికొన్ని. ఇండియా పాస్‌పోర్టును పణంగా పెట్టేముందు ఆ అడుగు వీటిలో ఏ రకమో తెలిసి ఉండాలి.

## పేరు ఒకచోట, హక్కు ఒకచోట ఎందుకున్నాయి

ఈ చిక్కు ఊరికే వచ్చింది కాదు. ఏ భూభాగం ఎంత గట్టిగా అడిగింది, లండన్ ఎంత ఇచ్చింది అన్న బేరసారాల్లోంచి పుట్టింది. 1949 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో వాళ్లకూ వలసల్లో వాళ్లకూ ఒకే పౌరసత్వం ఉండేది. 1962, 1968, 1971 చట్టాలు ఆ పేరును ముట్టుకోకుండా బ్రిటన్‌లోకి వచ్చే హక్కును మాత్రం కత్తిరిస్తూ పోయాయి. 1981 నాటి జాతీయతా చట్టం 1983 జనవరి 1న అమల్లోకి వచ్చి ఆ ఒక్క పౌరసత్వాన్ని మూడు ముక్కలు చేసింది. వలసల్లో మిగిలినవాళ్లకు దక్కిన పేరు బ్రిటిష్ డిపెండెంట్ టెరిటరీస్ సిటిజన్. అంటే పరాధీన భూభాగాల పౌరుడు. పేరులో పౌరుడు ఉన్నాడు, బ్రిటన్‌లో నివాస హక్కు లేదు.

అప్పుడే జిబ్రాల్టర్ గట్టిగా పట్టుబట్టి, తన ప్రజలు అడిగితే పూర్తి బ్రిటిష్ పౌరులుగా నమోదు చేసి తీరాలన్న సెక్షన్ 5ను సాధించుకుంది. ఫాక్‌లాండ్స్‌కు ఆ బిల్లులో చోటు దొరకలేదు. 1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా ఆక్రమణ, యుద్ధం అయ్యాక 1983లో వాళ్ల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. అది 1983 జనవరి 1 నుంచే వర్తించేలా రాశారు. హాంకాంగ్‌లో జనం లక్షల్లో ఉన్నారు కాబట్టి వాళ్లకు ఆ తలుపు తెరవలేదు. 1987లో బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్ అనే కొత్త పేరిచ్చి, 1990 చట్టం కింద 50,000 మంది కుటుంబ పెద్దలకు మాత్రం వాళ్ల కుటుంబాలతో సహా పూర్తి పౌరసత్వం కేటాయించారు. సెయింట్ హెలీనా ప్రజలు 1673లో రెండో చార్లెస్ రాజు ఇచ్చిన శాసనాన్ని ముందుపెట్టి, మేం ఎప్పటినుంచో ఇంగ్లండు ప్రజలమే కదా అని ఏళ్ల తరబడి వాదించారు.

1999 శ్వేతపత్రంలో లండన్ మెత్తబడింది. 2002 ఫిబ్రవరి 26న డిపెండెంట్ అనే మాట తీసేసి ఓవర్సీస్ అని మార్చారు. అదే ఏడాది మే 21న, అప్పటికి ఆ హోదా ఉన్నవాళ్లందరూ బ్రిటిష్ పౌరులు కూడా అయ్యారు. సైప్రస్‌లోని సైనిక స్థావరాలు ఆక్రోతిరి, ధెకేలియా సంబంధంతో మాత్రమే హోదా వచ్చినవాళ్లకు ఇది వర్తించలేదు.

ఇందులో మీకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. ఈ ఒప్పందం ఒకవైపుదే. టెరిటరీల వాళ్లు బ్రిటన్ వెళ్లి ఉండొచ్చు, బ్రిటన్ వాళ్లు టెరిటరీలకొచ్చి స్థిరపడే హక్కు లేదు. ఇరవై ముప్ఫై వేల జనాభా ఉన్న చిన్న దీవులు తమ ఉద్యోగాలు, భూమి, ఓటు కాపాడుకోవడానికి అలా పట్టుబట్టాయి. ఆ గోడ పేరే బిలాంగర్ హోదా. బెర్ముడాలో బెర్ముడియన్ స్టేటస్, కేమన్‌లో కేమనియన్‌గా ఉండే హక్కు, ఇలా ఒక్కోచోట ఒక్కో పేరు. దీన్ని ఇచ్చేది లండన్ కాదు, స్థానిక చట్టం. బీఓటీసీ పాస్‌పోర్టు చేతికొచ్చాక కూడా ఓటు, పర్మిట్ లేకుండా ఉద్యోగం, కొన్నిచోట్ల స్థలం కొనడం కూడా చాలావరకు ఈ స్థానిక హోదా మీదే ఆధారపడతాయి. ఆశ్చర్యంగా అనిపించినా, చాలాచోట్ల అసలు విలువ దీనికే ఉంది.

## దారులు ఒక్క చూపులో

| దారి | బ్రిటన్‌లో నివాసం | టెరిటరీలో నివాసం | తర్వాత టెరిటరీలో పుట్టే బిడ్డ | భారత పౌరసత్వం |
|---|---|---|---|---|
| వర్క్ పర్మిట్ మీదే ఉండటం | లేదు | పర్మిట్ ఉన్నంతకాలం | పుట్టుకతో బ్రిటిష్ హోదా ఏదీ రాదు | ఉంటుంది |
| పీఆర్ (టెరిటరీలో శాశ్వత నివాస అనుమతి) తీసుకుని ఇండియా పాస్‌పోర్టు ఉంచుకోవడం | లేదు | పీఆర్ షరతుల మేరకు | బీఓటీసీ, బ్రిటిష్ సిటిజన్ రెండూ | ఉంటుంది |
| బీఓటీసీ ఒక్కటే | లేదు | స్థానిక చట్టాన్ని బట్టి | బీఓటీసీ | పోతుంది |
| బీఓటీసీ, ఆపైన బ్రిటిష్ సిటిజన్ | ఉంది | స్థానిక చట్టాన్ని బట్టి | రెండూ | పోతుంది |
| బ్రిటన్ వెళ్లి అక్కడే సిటిజన్ కావడం | ఉంది | లేదు | బ్రిటిష్ సిటిజన్ | పోతుంది |

మూడో వరుసలో తల్లిదండ్రుల్లో ఒకరు పీఆర్‌తో స్థిరపడి కూడా ఉంటే బిడ్డకు రెండూ వస్తాయి. మామూలుగా బీఓటీసీ అయినవాళ్లకు పీఆర్ ముందే ఉంటుంది కాబట్టి ఆచరణలో ఎక్కువమంది పిల్లలకు రెండూ దక్కుతాయి.

## పీఆర్ తీసుకుని ఇండియా పాస్‌పోర్టుతోనే ఉండటం

చాలామంది తక్కువగా చూసే దారి ఇది. పెద్దవాళ్లు భారత పౌరులుగానే ఉంటూ, పీఆర్ వచ్చాక అక్కడ పుట్టే బిడ్డకు పుట్టుకతోనే బీఓటీసీ, బ్రిటిష్ పౌరసత్వం రెండూ ఇవ్వగలరు. టెరిటరీలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడ స్థిరపడి ఉంటే చాలని 2002 మే 21 తర్వాతి చట్టం చెబుతుంది. స్థిరపడటం అంటే అక్కడ మామూలుగా నివసిస్తూ, ఉండే గడువు మీద పరిమితి లేకపోవడం. రెండేళ్లకో మూడేళ్లకో పునరుద్ధరించుకునే వర్క్ పర్మిట్ ఎన్నేళ్లున్నా స్థిరపడటం కిందికి రాదు.

కాబట్టి పీఆర్ అర్జీ ఇంకో ఆరునెలల్లో తేలుతుందనగా ప్రసవం ఉంటే, ఆ ఆరునెలల తేడాతో బిడ్డ దారే మారిపోతుంది. ముందే పుట్టేస్తే కంగారు పడక్కర్లేదు. ఆ బిడ్డ మైనరుగా ఉండగానే తల్లో తండ్రో స్థిరపడినా, బీఓటీసీ అయినా, బిడ్డను బీఓటీసీగా నమోదు చేయించుకోవడం హక్కు. తల్లిదండ్రులు అసలెప్పటికీ స్థిరపడకపోయినా, అక్కడే పుట్టి మొదటి పదేళ్లూ అక్కడే పెరిగి, ఏ ఏడాదీ 90 రోజులకు మించి బయట లేని పిల్లలకు కూడా ఆ హక్కుంది. ప్రతి వేసవిలో అమ్మమ్మగారింటికి పంపి జూన్ దాకా ఉంచేసే అలవాటున్న కుటుంబాలు ఈ 90 రోజుల లెక్క రాసి పెట్టుకోవాలి. ఇండియాలో పుట్టి తర్వాత వచ్చిన పిల్లలకు ఈ హక్కులు లేవు. వాళ్లను పద్దెనిమిది నిండకముందు నమోదు చేయమని అడగొచ్చు గానీ, అది విచక్షణతో ఇచ్చేది.

పీఆర్ దొరకడమే ఈ దారిలో కష్టం. కేమన్‌లో పాయింట్ల పద్ధతి ఉంది. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నివాసం అడుగుతారు, కొన్నిచోట్ల దారులు ఇంకా ఇరుకు. ఈ నిబంధనలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి. మీ పర్మిట్‌కు కాలపరిమితి ఉంటే అది ముగియకముందే పీఆర్ అర్జీ పడాలి. గడువు దాటితే టెరిటరీ విడిచి వెళ్లి, కొంతకాలం ఆగి, మళ్లీ మొదటినుంచి రావాల్సిన పరిస్థితి వస్తుంది.

## బీఓటీసీ: ఐదేళ్ల లెక్కలో తప్పులు ఎక్కడ జరుగుతాయి

నాచురలైజేషన్‌కు, అంటే నివాసం ఆధారంగా పౌరసత్వం పొందడానికి, గవర్నర్‌కు దరఖాస్తు చేయాలి. షరతులు వినడానికి తేలిక. ఐదేళ్లు టెరిటరీలో నివాసం, ఆ ఐదేళ్లలో బయట గడిపిన రోజులు 450కి మించకూడదు, ఆఖరి పన్నెండు నెలల్లో 90కి మించకూడదు. ఆఖరి పన్నెండు నెలలూ ఉండే గడువు మీద పరిమితి ఉండకూడదు. ఐదేళ్లలో ఇమ్మిగ్రేషన్ ఉల్లంఘన ఉండకూడదు. సత్ప్రవర్తన, ఇంగ్లిషో అక్కడి అధికార భాషో వచ్చి ఉండటం, అక్కడే ఉండాలన్న ఉద్దేశం కావాలి. బీఓటీసీని పెళ్లాడినవాళ్లకు మూడేళ్లు చాలు, గైర్హాజరు పరిమితి 270 రోజులు, ఆఖరి ఏడాది 90. వాళ్లకు గడువు పరిమితి లేకపోవడం దరఖాస్తు రోజున ఉంటే సరిపోతుంది.

మొదటి తప్పు తేదీది. దరఖాస్తు అందిన రోజుకు ఐదేళ్ల కింద, ఆ కాలం మొదలైన రోజున మీరు టెరిటరీలో ఉండాలి. మీరు పోస్టులో వేసిన తేదీ కాదు, వాళ్లకు అందిన తేదీ లెక్క. ఐదేళ్ల కింద ఆ వారంలో మీరు హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లి ఉంటే, మిగతా ఐదేళ్లూ కదలకుండా ఉన్నా దరఖాస్తు తిరస్కరణకు దొరుకుతుంది. పాత పాస్‌పోర్టు ముద్ర చూసి, మీరు తిరిగొచ్చిన రోజు దాటాక ఐదేళ్లకు పడేలా తేదీ ఎంచుకోండి.

రెండో తప్పు ఆఖరి ఏడాది లెక్క. ఏటా అయిదు వారాలు ఇంటికెళ్లేవాళ్లకు ఐదేళ్లలో 175 రోజులే. 450 దరిదాపులకు కూడా రాదు. కానీ చివరి ఏడాది నాన్నగారి ఆపరేషన్‌కని రెండు నెలలు, చెల్లి పెళ్లికని నలభై రోజులు వెళ్తే 90 దాటింది. సాధారణంగా బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు గైర్హాజరుగా లెక్కపెట్టరు. పూర్తిగా బయట ఉన్న రోజులే లెక్క. కొద్ది రోజులు మించితే విచక్షణతో వదిలేయొచ్చు, కానీ దానిమీద ఆశ పెట్టుకోకుండా నాలుగు నెలలు ఆగి దరఖాస్తు చేయడమే మంచిది.

మూడోది, ఎక్కువమంది ఇరుక్కునేది: వర్క్ పర్మిట్ మీద పన్నెండేళ్లున్నా ఈ దారి తెరుచుకోదు. ముందు పీఆర్, దాని తర్వాత పన్నెండు నెలలు, అప్పుడు నాచురలైజేషన్.

కాగితాలకు ఐదేళ్లనూ కవర్ చేసే పాత, రద్దయిన పాస్‌పోర్టులన్నీ దాచుకోవాలి. ఇండియాలో కొత్తది తీసుకునేటప్పుడు మూల కత్తిరించి ఇచ్చిన పాతది పారేయకండి, అందులోని ముద్రలే మీ రుజువు. ముద్రలు సరిగా పడని ప్రయాణాలకు విమాన టికెట్లు, బోర్డింగ్ పాసులు పనికొస్తాయి. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, కారణం, రోజుల సంఖ్యతో ఒక పట్టిక ఇప్పుడే మొదలుపెట్టండి. ఐదేళ్లు గడిచాక గుర్తుతెచ్చుకుని రాస్తే తేదీలు తప్పుతాయి, తప్పిన తేదీ దాపరికంలా కనిపిస్తుంది.

ఇక ఇక్కడే ఆగిపోతే ఏమవుతుందో చూడండి. బీఓటీసీ ఒక్కటే తీసుకున్నవాళ్లకు భారత పౌరసత్వం పూర్తిగా పోయింది, బ్రిటన్‌లో నివాస హక్కు రాలేదు, టెరిటరీలో బిలాంగర్ హోదా ఇంకా రాలేదు. అమెరికా వీసా మినహాయింపు పథకం కూడా బ్రిటన్‌లో శాశ్వత నివాస హక్కున్న బ్రిటిష్ సిటిజన్లకే. కొన్ని టెరిటరీలకు వేరే ఏర్పాట్లున్నా వాటికి వేరే షరతులున్నాయి. మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాం: భారత పౌరులకు బీఓటీసీ చివరి మెట్టుగా ఎంచుకోదగింది కాదు, మధ్య మెట్టుగానే విలువైనది. భార్యాభర్తల్లో ఒకరు స్థానికులై, జీవితమంతా ఆ దీవిలోనే గడపబోయేవాళ్లకు మాత్రం లెక్క మారొచ్చు.

## బీఓటీసీ మీద బ్రిటిష్ సిటిజన్

జాతీయతా చట్టం సెక్షన్ 4ఎ కింద బీఓటీసీ బ్రిటన్‌లో ఒక్కరోజు కూడా ఉండకుండానే బ్రిటిష్ సిటిజన్‌గా నమోదు కావొచ్చు. బీఓటీసీ హోదా కూడా అలాగే ఉంటుంది. ఫారం బీ-ఓటీఏ. పదేళ్లు దాటినవాళ్లకు సత్ప్రవర్తన చూస్తారు. బ్రిటన్ చరిత్ర మీద పరీక్ష లేదు. సాంకేతికంగా ఇది విచక్షణే గానీ, దాపరికం, నేరచరిత్ర లేనివాళ్లకు మామూలుగా ఇస్తారు. ఒకప్పుడు బ్రిటిష్ పౌరసత్వం వదులుకున్నవాళ్లకు, సైప్రస్ స్థావరాల సంబంధంతోనే బీఓటీసీ అయినవాళ్లకు ఈ సెక్షన్ వర్తించదు.

రెండు దరఖాస్తుల మధ్య కాలమే ఇబ్బంది. నాచురలైజేషన్ ప్రమాణం చేసిన రోజున మీరు బీఓటీసీ అవుతారు. ఆ రోజే భారత పౌరసత్వం ముగుస్తుంది. చేతిలో ఉన్న ఇండియా పాస్‌పోర్టు ఇంకా ఏడేళ్లు చెల్లేలా కనిపిస్తున్నా దానిమీద ప్రయాణం చేయకూడదు. చేస్తే దాన్ని భారత అధికారులకు తిరిగి అప్పగించేటప్పుడు, అంటే సరెండర్ చేసేటప్పుడు, జరిమానా పడుతుంది. కొత్త బీఓటీసీ పాస్‌పోర్టు రావడానికి వారాలు పడుతుంది, దానిమీద ఇండియా రావాలంటే వీసా కావాలి. అందువల్ల ప్రమాణం తేదీ ఖరారయ్యాక, రెండు మూడు నెలలు ఊరి ప్రయాణం ఏదీ పెట్టుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేకపోతే తేదీ వాయిదా అడగడమే మేలు.

ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు, విషయంలో కొంచెం ఆగితే ఒక శ్రమ తప్పుతుంది. బీఓటీసీ పాస్‌పోర్టు మీద ఓసీఐ తీసుకుని, కొన్ని నెలలకే బ్రిటిష్ సిటిజన్ పాస్‌పోర్టుకు మారితే జాతీయత వివరం మారినందుకు మళ్లీ దరఖాస్తు చేయాల్సి వస్తుంది. తక్షణం ఇండియా వెళ్లే అవసరం లేకపోతే సరెండర్ సర్టిఫికెట్ వెంటనే తీసుకుని, 4ఎ రిజిస్ట్రేషన్, కొత్త పాస్‌పోర్టు పూర్తయ్యాక ఓసీఐ వేయండి.

పొలం గురించి అపోహ ఒకటి బాగా నాటుకుపోయింది. భూమి పోతుందని భయపడి పౌరసత్వం మార్చుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. విదేశంలో ఉంటున్న భారత పౌరులు కూడా, అంటే ఎన్నారైలు కూడా, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఓసీఐ ఉన్నవాళ్లకూ అదే నిషేధం. వారసత్వంగా వచ్చిన పొలం, ఇండియాలో ఉన్నప్పుడు కొన్న పొలం రెండు హోదాల్లోనూ ఉంచుకోవచ్చు. అసలు తేడా తిరిగొచ్చినప్పుడు తెలుస్తుంది. భారత పౌరులు తిరిగొచ్చి నివాసితులైతే మళ్లీ పొలం కొనొచ్చు, ఓసీఐ వాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే. ఓటు, ప్రభుత్వ ఉద్యోగం కూడా ఓసీఐతో రావు. పదవీ విరమణ తర్వాత ఊళ్లో రెండెకరాలు కొని ఉందామనుకునేవాళ్లు పీఆర్ దగ్గరే ఆగడం సబబు.

పిల్లల చదువు కోసమే ఈ దారి పట్టేవాళ్లకు ఒక మాట. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో స్థానిక ఫీజుకు పాస్‌పోర్టు ఒక్కటే చాలదు, కోర్సుకు ముందు మూడేళ్ల నివాసం కూడా చూస్తారు. టెరిటరీల్లో నివాసం ఎలా లెక్కలోకొస్తుందో ఆ విశ్వవిద్యాలయాన్నే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

## నేరుగా బ్రిటన్‌కే వెళ్లడం

డాక్టర్లు, నర్సులు, అకౌంటెంట్లకు బ్రిటన్‌లో వర్క్ వీసా దొరికే అవకాశముంటే ఇది కూడా ఆలోచించాలి. టెరిటరీలో గడిపిన ఏళ్లు బ్రిటన్ నివాసం లెక్కలో కలవవు. అక్కడ మొదటి రోజు నుంచే మొదలు. కేమన్‌లో ఆరేళ్లు పూర్తిచేసి పీఆర్‌కు దగ్గరైనవాళ్లు మధ్యలో బ్రిటన్ వెళ్తే రెండు లెక్కలూ సున్నా అవుతాయి. ఒకటి రెండేళ్ల కిందే దీవికి వచ్చి, పీఆర్ దారి ఇరుగ్గా ఉన్నచోట ఉన్నవాళ్లకే ఇది మేలు. బ్రిటన్‌లో స్థిర నివాసానికి పట్టే కాలం మీద నిబంధనలు మారుతున్నాయి, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఆ రోజు అమల్లో ఉన్నవి చూడండి.

## బంధువుల దగ్గరున్న పాత కాగితాలు

హాంకాంగ్‌లో తరతరాలుగా ఉంటున్న భారత సంతతివాళ్లలో కొందరికి 1997 జులై 1 నాటికి బ్రిటిష్ హోదా తప్ప మరేదీ లేదు. చైనా వాళ్లను తన పౌరులుగా లెక్కించదు. 1997 ఫిబ్రవరి 4కి ముందు అక్కడ నివసిస్తూ, వేరే జాతీయత ఏదీ లేనివాళ్ల కోసం 1997 చట్టం బ్రిటిష్ పౌరసత్వాన్ని హక్కుగా ఇచ్చింది. అప్పట్లో తీసుకోనివాళ్లుంటే ఆ కాగితాలు ఇప్పటికీ చూపించుకోదగ్గవే. బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్ హోదా పిల్లలకు రాదు, 1997 తర్వాత కొత్తగా ఎవరికీ ఇవ్వలేదు. కానీ 2021 జనవరి 31 నుంచి ఆ హోదా ఉన్నవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు ప్రత్యేక వీసా ఉంది. 1997 జులై 1న, ఆ తర్వాత పుట్టిన వయోజన సంతానం కూడా సొంతంగా దరఖాస్తు చేయొచ్చు. ఐదేళ్ల నివాసంతో స్థిర నివాసం, ఇంకో ఏడాదికి పౌరసత్వం.

మలేషియా విషయంలో జరిగింది చూస్తే గుండె బరువెక్కుతుంది. పెనాంగ్, మలక్కా పాత వలసలు కావడంతో అక్కడి కొందరికి మలేషియా పౌరసత్వంతో పాటు బ్రిటిష్ ఓవర్సీస్ సిటిజన్ హోదా కూడా మిగిలింది. వేరే పౌరసత్వం లేని అలాంటివాళ్లను బ్రిటిష్ సిటిజన్‌గా నమోదు చేయాలని సెక్షన్ 4బి వచ్చింది. వందలమంది తప్పుడు సలహా విని మలేషియా పౌరసత్వం వదిలేశారు. కానీ 2002 జులై 4 తర్వాత ఉన్న పౌరసత్వాన్ని వదులుకున్నవాళ్లకు ఆ సెక్షన్ వర్తించదు. బ్రిటన్ తీసుకోలేదు, మలేషియా తిరిగి ఇవ్వలేదు. పేరుకు బ్రిటిష్ పాస్‌పోర్టు, ఉండటానికి ఏ దేశంలోనూ హక్కు లేదు. హాంకాంగ్ హోదావాళ్లకు ఆ గడువు తేదీ 2009 మార్చి 19. ఎవరైనా ఏజెంటు ముందు మీ పౌరసత్వం వదిలేయండి, తర్వాత బ్రిటిష్ వస్తుంది అంటే ఆ మాట వినకండి.

ఇక తాతగారి పెట్టెలో దొరికిన బ్రిటిష్ ఇండియా పాస్‌పోర్టు. 1947కి ముందు బెజవాడలో పుట్టినవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ కింద బ్రిటిష్ సబ్జెక్టులు. వరంగల్‌లో పుట్టినవాళ్లు నిజాం ప్రజలు, బ్రిటిష్ లెక్కలో ప్రొటెక్టెడ్ పర్సన్లు. రాజ్యాంగం వచ్చాక ఇద్దరూ భారత పౌరులయ్యారు. ఆ కాగితంతో మనవలకు ఇప్పుడు ఏ బ్రిటిష్ హోదా రాదు, దానిమీద ఫీజు కట్టి దరఖాస్తు చేయొద్దు.

తల్లి వైపునుంచి టెరిటరీ సంబంధం ఉన్నవాళ్లది వేరే సంగతి. 1983కి ముందు తల్లుల ద్వారా, 2006 జులై 1కి ముందు పెళ్లి కాని తండ్రుల ద్వారా హోదా వచ్చేది కాదు. ఆ అన్యాయాన్ని టెరిటరీల వాళ్లకు 2022 చట్టంతో సరిదిద్దారు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో పుట్టినవాళ్ల వారసులకు కూడా అదే చట్టం కింద 2022 నవంబర్ 23 నుంచి ఐదేళ్లపాటు ఉచిత నమోదు ఉంది. మారిషస్‌లో, బ్రిటన్‌లో ఉన్న ఆ కుటుంబాల్లో పెళ్లి సంబంధాలున్నవాళ్లు పిల్లల దరఖాస్తులు ఆ గడువులోపు వేయాలి.

## ఎవరికి ఏది

చిన్న పిల్లలున్నవాళ్లు, పీఆర్ ఒకటి రెండేళ్లలో వచ్చేలా ఉంటే, దానికోసం ఆగండి. పీఆర్ వచ్చిన రోజునే, టెరిటరీలో పుట్టిన పిల్లల బీఓటీసీ నమోదు మొదలుపెట్టండి. అది వాళ్ల హక్కు, మీ పాస్‌పోర్టు మారాల్సిన పనిలేదు. ఆ పిల్లలు బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుంటే వాళ్లకు ఇండియా పాస్‌పోర్టు ఉండదు, ఓసీఐ వేయాలి.

నలభై దాటి, బ్రిటన్‌లో ఉద్యోగమో పిల్లల కాలేజీయో లక్ష్యంగా ఉన్నవాళ్లకు బీఓటీసీ, వెంటనే 4ఎ సరైన దారి. రెండిటి ఫీజు, ప్రమాణం తర్వాత ప్రయాణం లేని నెలలు, సరెండర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు ప్రమాణం చేయక్కర్లేదు. ఒకరు పూర్తిచేసి బ్రిటిష్ పాస్‌పోర్టు, ఓసీఐ రెండూ చేతికొచ్చాక రెండోవాళ్లు మొదలుపెడితే, ఇండియాలో అత్యవసరం వచ్చినప్పుడు ఇంట్లో ఒకరైనా వెంటనే విమానం ఎక్కగలుగుతారు.

దీవిలో స్థలం కొని వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు లండన్ ఇచ్చే హోదాల కంటే ముందు స్థానిక బిలాంగర్ చట్టం చదవాలి. అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరుతో గంటసేపు మాట్లాడటానికి పెట్టే డబ్బు వృథా కాదు. అడగాల్సినవి రెండు: బీఓటీసీ అయ్యాక ఈ హోదాకు ఇంకా ఎన్నేళ్లు, ఆ మధ్యలో టెరిటరీ విడిచి ఉంటే అది రద్దవుతుందా. కొన్నిచోట్ల దీర్ఘకాలం బయట ఉంటే పీఆరే పోతుంది. అందుకని 4ఎ కింద బ్రిటిష్ పాస్‌పోర్టు రాగానే కుటుంబం మొత్తాన్నీ మాంచెస్టర్ తరలించేవాళ్లు, దీవిలో తమ హోదా ఎన్నాళ్లకు చెల్లిపోతుందో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకుని బయల్దేరాలి.